వడ్లు లేచేదాకా

ఆ యాసంగిలో రోడ్డు మీద వడ్ల కుప్పలు ఎన్నాళ్లుంటే అన్నాళ్లు నా మొగుడు బతికుంటాడని నేను నమ్మాను. ఊరంతా లారీ తొందరగా రావాలని మొక్కుతుంటే నేనొక్కదాన్నే రావద్దని మొక్కాను. పాపమని తెలుసు. అయినా మొక్కాను.

నారాయణరావుపేట దాటాక మా పొలం పక్కన ఒక వెంచర్ ఉంది. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ నడుమ తారురోడ్డు మాత్రం తిన్నగా, వెడల్పుగా వేశారు. ఏడాది పొడుగునా దాని మీద మేకలు తప్ప ఏమీ తిరగవు. కోతలప్పుడు చుట్టుపక్కల రైతులందరూ అక్కడే వడ్లు ఆరబోస్తారు. మా ఆయన కర్ణాకర్ కళ్లు ఆ రోడ్డు మీద పడ్డాయి. అది ఆయన లెక్కలో రన్‌వే.

ఆయనకు రెండు కోత మిషన్లున్నాయి, కిరాయికి తిప్పుతాడు. ఇనుము కనబడితే చేతులు ఊరుకోవు. కొన్నేళ్లుగా పొలం దగ్గరి షెడ్డులో ఒక్క మనిషి పట్టే చిన్న విమానం కడుతున్నాడు. హైదరాబాద్ అవతల ఏదో క్లబ్బుకు ఆదివారాలు పోయి నడపడం కూడా నేర్చుకున్నాడు. గొట్టాలు ఆయనే కోశాడు, ట్యాంకు ఆయనే వెల్డింగ్ చేశాడు. రెక్కల మీది గుడ్డ నేను కుట్టాను. సిద్దిపేటలో నాకు టైలరింగ్ షాపు ఉంది, జాకెట్లు కుట్టే మిషన్ మీదనే రెక్కలూ కుట్టాను. కుట్టేటప్పుడు భయం లేదు. అది షెడ్డు దాటదని ధీమా. మా ఇంట్లో కోళ్లఫారం అయింది, పుట్టగొడుగులు అయ్యాయి, అన్నీ మూలకు పడ్డాయి. ఇదీ అంతేలే అనుకున్నాను.

ఉగాది దాటాక ఇంజిన్ మోగింది. నా ధీమా ఆ రోజే పోయింది.

ఆ పొద్దున విమానాన్ని షెడ్డు ముందుకు నెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, తోకను ట్రాక్టర్‌కు తాడుతో కట్టేశారు. మా అత్త కిష్టవ్వ పళ్లెం పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో చక్రమున్నది ఏది కదలాలన్నా ముందు ఆమె చెయ్యి పడాలి. కొమురవెల్లి మల్లన్న దగ్గర తెచ్చుకున్న పసుపును బండారి అంటారు కదా, దాన్ని నూనెలో ముద్దగా కలుపుతుంది. ముక్కుకు ఒక బొట్టు, చక్రాలకు తలా ఒకటి, డీజిల్ పోసే మూతకు ఒకటి. తిండి తినే మూతికి బొట్టు పెట్టకపోతే ఎట్లా అంటుంది. కోత మిషన్లకూ, ట్రాక్టర్‌కూ, నా స్కూటీకీ ఇదే మర్యాద.

"గాలిమోటరుకు మూతి యాడున్నదిరా కొడుకా?" అని అడిగింది.

సీటు వెనక, పక్కగా ఉన్న ట్యాంకు మూతను ఆయన చూపించాడు. అత్త బొట్లన్నీ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పక్కకు జరిగింది.

ఇంజిన్ అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఆయన రేసు ఇస్తుంటే ట్రాక్టర్‌కు కట్టిన తాడు బిగుసుకుపోయింది. నేను కుట్టిన గుడ్డ రెపరెపలాడకుండా బిగువుగా నిలబడింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం గర్వపడ్డాను. కాసేపటికి ఇంజిన్ దగ్గింది, గొంతు పట్టినట్టు రెండుసార్లు లాగింది, ఆగిపోయింది. ఆ తర్వాత అక్కడ పంకా ఊరికే తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇదే పైన ఆగి ఉంటే అనే ఆలోచన అప్పుడు పట్టుకుంది నన్ను. మళ్లీ వదల్లేదు.

"పెట్రోలు అందుతలేదన్నా," అన్నాడు భూపతి. కోత మిషన్ల మెకానిక్, మా ఆయనకు కుడిచెయ్యి.

కర్ణాకర్ భుజం మీది గుడ్డ తీసి మూతను శుభ్రంగా తుడిచాడు. దుమ్ము లోపల పడుతుందని, తుడవకుండా ఏ మూతా తీయడు. భూపతి దానికి కంప్రెసర్ గాలి కొట్టాడు. చూస్తే ట్యాంకు నిండుగానే ఉంది. మూత పెట్టి మళ్లీ మొదలుపెడితే ఇంజిన్ ఏమీ ఎరగనట్టు సాయంత్రం దాకా నడిచింది. మర్నాడు పొద్దున మళ్లీ ఆగింది.

అప్పటినుంచి రోజూ అదే తంతు. ఫిల్టర్ మార్చారు. పైపు మార్చారు. పెట్రోల్‌లో నీళ్లున్నాయేమోనని సీసాలో పోసి ఎండలో పట్టి చూశారు. కార్బొరేటర్ విప్పి పీట మీద పరిచారు. ఫిల్టర్‌లో పచ్చటి నలుసులు కనబడితే, ట్యాంకు లోపల పూసిన కోటింగ్ ఊడుతోందని ట్యాంకునే కిందికి దించి కడిగారు. కడిగిన రోజు బాగానే నడిచింది. తర్వాత మళ్లీ ఆగింది.

"ట్యాంకుల ఏదో పీడ చేరింది," అంది మా అత్త. మర్నాటి నుంచి మూతకు పెట్టే బొట్టు ఇంకాస్త పెద్దదయింది.  ఆమె బొట్టు పెట్టుకుంటోంది, నేను మొక్కుకుంటున్నాను, ఎవరి భయం వాళ్లది.

ఒకరోజు అన్నం పెడుతూ అడిగాను. "పైన ఆగితే ఏం చేస్తవ్?"

"ఏం చేస్త, దిగుడే. రెక్కలున్నయ్ గదా. రాయి లెక్క పడదు."

"యాడ దిగుతవ్? షెడ్డు దాటితే వెంచర్ కమాను, కమాను దాటితే పెద్ద కరెంటు లైన్ తీగలు."

"గాడిదాక ఎందుకు పోత? రోడ్డు మీదనే ఉరికిస్త. పర్మిషన్ కూడ రాలే ఇంక."

అది అబద్ధమని, పర్మిషన్ లేకున్నా ఎగురుతాడని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇంకో గరిటె చారు ఆయన అన్నంలో కాస్త గట్టిగానే పోశాను.

షాపులో ఉన్నా నా ప్రాణం నాలో ఉండేది కాదు. బయట ఎవరి బండి ఆగిపోయినా చేతిలో కత్తెర ఆగేది. ఎవరిదో పెళ్లి జాకెట్టు చేతులు రెండూ ఒకే పక్కకు కత్తిరించాను. హైదరాబాద్ హాస్టల్ నుంచి మా బిడ్డ రిషిత ఫోన్ చేసి, "బాపు ఎగిరిండా అమ్మా?" అని సంబరంగా అడిగితే ఒళ్లు మండింది. "ఎగరడు. చదువుకో," అని పెట్టేశాను.

ధైర్యం ఒక్కటే. రోడ్డు నిండా వడ్లున్నాయి. సాయంత్రం షాపు మూసి పొలానికి పోయి ముందు రోడ్డు చూసేదాన్ని. ఈ చివర నుంచి ఆ చివర దాకా కుప్పలు, పరదాలు, పరదాల మీద రాళ్లు. అప్పుడే ఊపిరి ఆడేది.

రాములవ్వ కుప్ప మా షెడ్డు ఎదురుగానే ఉండేది. ఎండలో కాళ్లతో వడ్లు తిరగేస్తూ నన్ను పిలిచింది.

"మబ్బు పడుతున్నది బిడ్డా. తేమ లేదన్నరు, కాంటా పెట్టిన్రు, లారీ మాత్రం రాదాయె. కర్ణాకర్‌కు చెప్పి కొనుగోలు సెంటర్ల ఒక్క మాట అడిగియ్యరాదు?"

"చెప్త రాములవ్వా," అన్నాను. చెప్పాను కూడా. చెబుతుంటే నాలుక తిరగలేదు. ఆ సాయంత్రమే గాలిదుమారం లేచి వాన కొట్టింది. నేనూ ఉరికి, ఆమె పరదాకు ఒక కొస పట్టుకుని వానలో నిలబడ్డాను. ఈ ముసలమ్మ వడ్లు తడవద్దు, ఇక్కణ్నుంచి పోనూ వద్దు అని మొక్కాను. అట్లాంటి మొక్కు ఏ దేవుడు తీరుస్తాడు?

లారీలు వచ్చాయి. ఒక్కో కుప్పా లేస్తుంటే తారు బయటపడుతూ వచ్చింది. రాములవ్వ చివరి బస్తా ఎత్తించి, నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుని పోయింది. రోడ్డంతా నల్లగా, ఖాళీగా మిగిలింది. 

సరిగ్గా ఆ వారమే మా అత్త తొగుటలో ఉండే నా ఆడబిడ్డ సంగీత ఇంటికి పోయింది. సంగీత కూతురికి ఓణీల పండగ. అత్త పోయిన మర్నాడు ఆయనా భూపతీ కొత్త పంపు బిగించారు. ఇంజిన్ ఆగలేదు. ఆ మర్నాడూ ఆగలేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపారు, ఒక్క దగ్గు కూడా లేదు.

"దొరికింది మహేశ్వరీ. పంపే," అన్నాడు ఆయన. మొహం చాటంత అయింది. "అవ్వ రాంగనే మంచి రోజు చూసి తీస్త."

"పాత పంపుల ఏం పోయింది?"

"ఏం పోయిందంటే... ఇప్పి చూస్తే మంచిగనే ఉన్నది. కానీ గదే అయుంటది."

"అయుంటది అంటే? ఎందుకు ఆగిందో తెల్వదు, ఎందుకు నడుస్తున్నదో తెల్వదు. అసొంటి దాని మీద ఎట్ల ఎక్కుతవ్?"

"నువ్వు ఊకె శంక పెట్టకు."

ఆగిపోతున్నన్ని రోజులూ ఒక రకం భయం. ఇప్పుడు నడుస్తుంటే అంతకంటే ఎక్కువ భయం వేసింది. దొంగను పట్టుకోలేదు, దొంగే బయటికి పోయాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో ఎవరికి తెలుసు? భూపతిని పక్కకు పిలిచి అడిగాను. "నువ్వన్న చెప్పు, ఎక్కద్దని." భూపతి కాలితో నేల రాశాడు. "అన్న వింటడా వదినా?" అన్నాడు.

మా అత్త తిరిగొచ్చిన మర్నాడే ముహూర్తం. పొద్దున్నే గాలి కమాను వైపు నుంచి సన్నగా వీస్తోంది. విమానం గాలికి ఎదురు లేవాలట. అంటే రోడ్డు ఆ చివరికి పోయి, తిరిగి, మా వైపు ఉరుకుతూ వచ్చి, మా ముందరే లేవాలి. మా వెనక కమాను, తీగలు. ట్యాంకు నిండా పెట్రోలు పోశారు. మా అత్త పళ్లెంతో ఎప్పటిలాగే ఒక చుట్టు తిరిగింది. ఆయన హెల్మెట్ పెట్టుకుని నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఏడిస్తే అపశకునమంటారని.

విమానం నెమ్మదిగా ఆ చివరికి పోయింది. అక్కడ తిరిగి నిలబడి, ఇంజిన్ వేడెక్కనిస్తున్నాడు. చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. ఎటు చూడాలో తెలియక మా అత్త చేతిలోని పళ్లెం చూశాను. ఖాళీగా ఉంది. పొద్దున కలిపిన ముద్ద పెద్ద నిమ్మకాయంత ఉండింది.

"బండారంత ఏమైంది అత్తమ్మా?"

"మూతికి పెట్టిన. గా మూత నడిమిట్ల ఇంత సందున్నది గదా, దాంట్లకెల్లి పెట్రోలు వాసనొస్తది. బీడీలు తాగేటోళ్లు తిరుగుతరు ఈడ, అంటుకుంటే నా కొడుకు గతేంది? అందుకే రోజూ దాని మీదనే నిండ పెడ్త. నాలుగొద్దులు నేను లేకపోతిని, ఎవలు పెట్టిన్రు? ఇయ్యాల మంచిగ ఒత్తి పెట్టిన."

పెళ్లైన కొత్తలో నేను నూనె డబ్బాకు ఒక్క చిల్లు కొట్టి, నూనె పడక డబ్బాను బాదుతుంటే, నా చేతిలోంచి మేకు తీసుకుని రెండో చిల్లు కొట్టింది ఈ అత్తే. గాలి లోపలికి పోతేనే నూనె బయటికొస్తది బిడ్డా అని చెప్పిందీ ఈమే. పచ్చటి నలుసులు గుర్తొచ్చాయి. ఆయన మూత తుడిచే గుడ్డ గుర్తొచ్చింది. మూత తీశాక ఎప్పుడూ బాగానే నడిచింది. ఆమె తొగుటలో ఉన్నన్ని రోజులూ ఆగలేదు.

ఇంజిన్ చప్పుడు పెద్దదయింది.

నేను ఉరికాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. రోడ్డు మీద మిగిలిపోయిన వడ్లగింజలు అరికాళ్లలో గుచ్చుకున్నాయి. వెనక భూపతి "వదినా, వదినా" అని అరుస్తున్నాడు. ఎదురుగా విమానం వస్తోంది, తోక అప్పటికే లేచింది. రోడ్డు నడుమ చేతులు రెండూ చాపి నిలబడ్డాను. నా వల్లనే పోతాడేమో, నన్ను తప్పించబోయి పక్కకు పడతాడేమో అని కూడా అనిపించింది. కాళ్లు మాత్రం కదల్లేదు. కళ్లు మూసుకున్నాను.

చప్పుడు ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి తోక కిందికి దిగి, విమానం వేగం తగ్గుతూ, నాకు కాస్త దూరంలో నిలబడింది. ఆయన బెల్టు విప్పుకుని దిగాడు.

"పిచ్చి లేసిందా నీకు?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గింది. ఇంజిన్ వైపు చూశాడు, తన చేతి వైపు చూసుకున్నాడు. "నిన్ను చూసి ఆపుదామనే చెయ్యి పెట్టిన," అన్నాడు. "అప్పటికే ఆగింది."

 ఆయన అలవాటుగా భుజం మీది గుడ్డ తీసి మూత దగ్గరికి పోయాడు. నేను మణికట్టు పట్టుకున్నాను.

"తుడువకు. అట్లనే తియ్యి."

మూత తిప్పాడు. కొంచెం వదులు కాగానే ట్యాంకు సుయ్యిమని పొడుగ్గా గాలి పీల్చింది. ఆయన మూతను చేతిలో పట్టుకుని చూశాడు. బండారి చిల్లులో మేకులాగ బిగుసుకుపోయి ఉంది. దూరంగా మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఉరకలేక నడుస్తూ వస్తోంది. ఆయన గబగబా గుడ్డతో మూత తుడిచేశాడు.

"అవ్వకు చెప్పకు," అన్నాడు.

ఆమె వచ్చి ఆయన ఒళ్లంతా తడిమింది. "ఏమైంది కొడుకా?"

"ఏం కాలే అవ్వా. ఇంజిన్ జర వేడెక్కింది."

ఆమెను భూపతి షెడ్డుకు తీసుకుపోయాక ఆయన ఒక ప్లాటు రాయి మీద కూలబడ్డాడు.  చేతులు మోకాళ్ల నడుమ దాచుకున్నాడు.

"ఇంకింత ముందుకొచ్చి లేసినంక ఆగితే, తీగల మీదనే పోదును," అన్నాడు. "భయమైతున్నది మహేశ్వరీ."

"కానియ్. ఇన్నొద్దులు నేనొక్కదాన్నే భయపడ్డ," అన్నాను. ఓదార్చాలని ఉన్నా నోట్లోంచి అదే వచ్చింది. తర్వాత ఆ రాయి మీదనే ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను.

కొన్నాళ్లు ఆయన షెడ్డు వైపే పోలేదు. మానేస్తాడనుకున్నాను. ఒక పొద్దున వెల్డింగ్ చప్పుడు వినబడింది. పోయి చూస్తే, ట్యాంకు పైభాగం నుంచి సన్నటి గొట్టం ఒకటి తీసి, వంచి, విమానం పొట్ట కిందికి దించుతున్నాడు. గాలి ఇక దాంట్లోంచి పోతుంది.

"మూత మీద చిల్లు?" అని అడిగాను.

"గది అవ్వకు ఇడిచిపెట్టిన. ఎంతన్న పెట్టుకోని."

మా అత్త లేనప్పుడు ఆమె డబ్బాలోంచి బండారి తీసి, నూనె కలిపి, నేనే మూత మీద మెత్తాను. ట్యాంకు ఆఖరి చుక్క దాకా నడిపించాను. ఇంకోసారి నింపించి, ఇంకోసారి నడిపించాను. ఇంజిన్ ఆగలేదు. ఇప్పుడు ఎందుకు ఆగిందో తెలుసు, ఎందుకు నడుస్తోందో తెలుసు. వద్దనడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు, ఒట్టి భయం తప్ప. దాన్ని నోరు మూసుకుని మింగాను.

మృగశిర ఇంకా రాలేదు, రేపో మాపో వానలు అనగా ఒక పొద్దున గాలి మళ్లీ కమాను వైపు నుంచి వీచింది. మా అత్త పళ్లెంతో వచ్చింది. ముక్కుకు, చక్రాలకు బొట్లు పెట్టి మూత దగ్గరికి పోయింది. మాకు వీపు పెట్టి అక్కడ చాలాసేపే నిలబడింది. ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

విమానం ఆ చివరికి పోయింది, తిరిగింది, ఉరికింది. మా ఎదుటికి రాకముందే చక్రాలు తారును వదిలాయి. మా నెత్తి మీదుగా, కమాను మీదుగా, తీగల మీదుగా పోయింది. నేను ఇంజిన్ చప్పుడు వింటున్నాను, దగ్గుతుందేమోనని. చెరువు వైపు తిరిగేసరికి చప్పుడు సన్నబడింది. అది దూరం వల్లనా, ఇంజిన్ ఆగుతోందా తెలియలేదు. నా చెయ్యి ఎవరో గోళ్లు దిగేలా పట్టుకుని ఉన్నారు.  చూస్తే అత్త.

పెద్ద చుట్టు చుట్టి వచ్చి రోడ్డు మీద దిగాడు. రెండుసార్లు ఎగిరెగిరి పడి నిలబడింది. భూపతి ఈల వేసుకుంటూ ఉరికాడు. ఆయన హెల్మెట్ తీసి, "అవ్వా, నీ బండారి పని చేసింది," అని అరిచాడు. మా అత్త తలూపింది.

నేను మూత దగ్గరికి పోయాను. బొట్టు గుండ్రంగా, చుట్టూరా, అంచు దాకా ఉంది. నడుమ మాత్రం సూది పోయేంత సందు తెరిచి ఉంది. దాని పక్కనే రెక్క గుడ్డకు నా షాపు సూది ఒకటి గుచ్చి ఉంది, కొసకు పసుపు అంటుకుని. నేను సూది తీసి చేతిలో పట్టుకుని మా అత్త వైపు చూశాను. ఆమె దగ్గరికి వచ్చింది.

"గా దినం వాడు మూత తుడిచిన గుడ్డ నేనే ఉతికిన. మేకు లెక్క బండారి దొరికింది దాంట్ల," అంది, మెల్లగా. "నూనె డబ్బాకు రెండో చిల్లు ఎందుకు కొడ్తరో నాకు తెల్వదా బిడ్డా?"

 ఆమె నా చేతిలోంచి సూది తీసుకుని కొంగుకు గుచ్చుకుంది.

"వానికి చెప్పకు," అంది. "నాకు తెల్వదని సంబురంగున్నడు."